లంక పూసిన ఏడాది

ఆశ్వయుజ బహుళ విదియ

గట్టు మీది ఆఫీసువాళ్ళు కుట్టుమనుషులకి తలా ఒక మర పలక ఇచ్చారు, ఎంత రాసినా నిండదు. నీళ్ళ మీద తేలే మా లంక అడుగున ఎక్కడ కుట్టు ఊడింది, ఎంత తాడు పట్టింది, వేరు ఎలా ఉంది, ఏ రోజుకారోజు అందులో రాయాలట. నాకు పనీ ఇల్లూ విడదీసి రాయడం చేతకాదు. చదివేవాళ్ళకి విసుగొస్తే మధ్యలో ఆపెయ్యొచ్చు, నేనేమీ అనుకోను.

పొద్దున్నే గాలితిత్తి వీపుకి కట్టుకుని కిందికి దిగాను. పడమటి అంచున పాత కుట్టు వదులైంది. దానికి సరిగ్గా పైనే ముంగరవాళ్ళ మేకలపాక. మేకల్ని అంచున కట్టొద్దని ఆ ఇల్లాలికి చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. బరువంతా ఒకపక్కకి చేరితే లంక వంగుతుంది, వంగితే కుట్టు తెగుతుంది, తెగితే ఉందిగా ఈ నాంచారమ్మ, దిగుతుంది. నేను పైకి తేలేసరికి ఆవిడ నా ఎదురుగానే నిలబడి ఉంది. నా నోట్లో దబ్బనం ఉండబట్టి బతికిపోయింది.

వేరు మాత్రం బాగుంది. సముద్రం కొల్లేటిదాకా వచ్చేసినప్పుడు, మా అమ్మమ్మ కాలంలో, గట్టువాళ్ళు పెంచి ఇచ్చిన డెక్క ఇది. మామూలు గుర్రపుడెక్కలాగా కుళ్ళదు, ఉప్పునీటికి చావదు, పూయదు, కాయదు. ఒకదాన్నొకటి అల్లుకుని మందంగా పరుచుకుంటుంది. దాని మీదే మా ఇళ్ళు, మా బచ్చలి పాదులు, ముంగరవాళ్ళ మేకలు.

లంకంతా చూశాను గానీ మా ఇంటి కిందికి వెళ్ళలేదు. అక్కడ పెద్దీ ఉంది. మా దగ్గర కాల్చడానికి కట్టె లేదు, పూడ్చడానికి మన్ను లేదు. పోయినవాళ్ళని బట్టలో చుట్టి, వాళ్ళ ఇంటి కిందే, డెక్క వేళ్ళకి కుడతాం. కన్నతల్లి అక్కడికి దిగకూడదు. మా పిల్ల పెద్దింట్లమ్మ ఏడేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. కుట్టుమనిషిని నేనే అయ్యుండీ, దూరపు లంక నుంచి దుర్గాంబక్కని పిలిపించాల్సి వచ్చింది. నా పెళ్ళిచీరలో చుట్టి అక్కే కుట్టింది. నేను పైన కూచుని, కింద దబ్బనం కదిలినప్పుడల్లా నేల అదరడం చూస్తున్నాను.

ఇంట్లో ఆ జానెడు చోట చాప పరవం, డెక్కని అలాగే వదిలేస్తాం. పొద్దు వాలగానే అక్కడ దీపం పెడతాను. ఇవాళ దీపం పెడుతుంటే ఆకుల మధ్య ఏదో కాడ కనిపించింది. ఆకు కాదు. చివర బొటనవేలంత మొగ్గలు గుత్తిగా ఉన్నాయి. మా ఆయన ఏడుకొండల్ని పిలిచి చూపించాను. చూశాడు, వెళ్ళి వల ముందు కూచున్నాడు. పెద్దీ ఉన్నచోట ఏది కనిపించినా ఆయన అంతే.

ఆశ్వయుజ బహుళ షష్ఠి

పూసింది.

లేత ఊదా రంగు. పై రేకు మీద నీలంలో పసుపు చుక్క. మా లంకలో కూరపాదుల పూలు తప్ప, తలలో పెట్టుకునే పువ్వనేది పూయగా చూసినవాళ్ళెవరూ లేరు. గట్టు సంతలో ప్లాస్టిక్కు చేమంతులు కొనుక్కుని పండగకి పెట్టుకుని, మళ్ళీ కడిగి దాచుకుంటాం. అలాంటిది నా ఇంట్లో, నా పిల్ల ఉన్నచోట పువ్వు.

ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. పనంతా అయ్యేలోపే అందరికీ చెప్పేశాను.

మొదట ఆదిలక్ష్మత్త వచ్చింది. లంకలో పుట్టినా పోయినా ఆవిడ చెయ్యి పడాల్సిందే. వచ్చి, మోకాళ్ళ మీద వంగి, చాలాసేపు చూసింది. పిల్లకి ఇప్పుడు ఎన్నేళ్ళుండేవని అడిగింది. పదమూడని చెప్పాను. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టింది.

"పిల్ల పెద్దమనిషయ్యిందే నాంచారూ. నీకు కబురు పంపింది. ఊరికే చూత్తా కూచుంటావా, నలుగురికీ పసుపూ కుంకం పెట్టవా?"

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల గురించి నేను ఏడవని ఏడుపు అది, సంతోషంతో వచ్చింది.

ఆశ్వయుజ బహుళ నవమి

కుట్టుపని ఏమీ చెయ్యలేదు. ఆఫీసువాళ్ళు ఏమనుకున్నా సరే.

లంకలో ఆడవాళ్ళంతా వచ్చారు. నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేశాం. పూసినచోట కొత్త జాకెట్టు గుడ్డ పరిచి, దాని ముందు గాజులు పెట్టాం. ఏ సైజు కొనాలో తెలియలేదు. ముంగర ఇల్లాలి కూతురు పెద్దీ ఈడుదే కాబట్టి ఆ పిల్ల చేతికి తొడిగి చూసి తీసుకున్నాం. పాటలు పాడారు, నన్ను ఏడిపించారు, అల్లుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తావని ఆటపట్టించారు. కొల్లేట్లో కొర్రమీనుకి ఇచ్చి చేస్తానన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

అప్పటికి పక్కన ఇంకా కాడలు లేచి గంపెడు పూశాయి. వచ్చినవాళ్ళందరికీ బొట్టు పెట్టి, చిమ్మిలి ముద్దతో పాటు తలా ఒక గుత్తి ఇచ్చాను. రాలేని ముసలివాళ్ళకి ఇంటింటికీ తిరిగి నేనే ఇచ్చి వచ్చాను. ఒక్క గడప కూడా వదల్లేదు. అందరి ఇళ్ళలోనూ మా పిల్ల పువ్వు ఉండాలని నా ఆశ.

ఏడుకొండలు పొద్దంతా బయటే ఉన్నాడు. అందరూ వెళ్ళాక లోపలికి వచ్చి, ఒకటి నాకూ ఇయ్యమని అడిగాడు. ఇచ్చాను. చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

కార్తీక శుద్ధ తదియ

తాడు అయిపోయింది. దోనె వేసుకుని గట్టుకి బయల్దేరాను. గాలి బాగుంటే ఒక పూట, లేకపోతే రెండు పూటల ప్రయాణం. దారిలో మునిగిపోయిన ఊళ్ళ మీదుగా పోవాలి. ఒకచోట నీళ్ళ టాంకీ తల ఇంకా బయటే ఉంది, దాని మీద గూడబాతులు పిల్లల్ని లేపుతున్నాయి. అక్కడ దోనె ఆపి చద్దన్నం తిన్నాను. పెద్దీని తీసుకొచ్చినప్పుడల్లా ఇక్కడే ఆపేదాన్ని. ఆ టాంకీలో ఎవరుంటారని అడిగేది. నీళ్ళు తాగి తాగి కదల్లేని ఒక మనిషి ఉంటాడని చెప్పేదాన్ని. పాపం, అన్నం పెడదామని అని, తన ముద్ద నీళ్ళలోకి విసిరేది.

తలలో పువ్వు పెట్టుకుని వెళ్ళాను. సంతలో అందరూ చూడాలని.

చూశారు. ముందుగా చూసింది దుర్గాంబక్క. గట్టు మీద రేకుల షెడ్డు ముందు కూచుని దగ్గుతూ ఉంది. ఆవిడ లంక వదిలి ఇక్కడెందుకుందో నాకు అర్థం కాలేదు. పలకరించేలోపే లేచి వచ్చి, నా జడలోంచి పువ్వు లాగి, పొయ్యిలో పడేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అది మా పెద్దీ పువ్వక్కా అని అరిచాను. అక్క నన్ను కూచోబెట్టింది. ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మా లంకా పూసిందే. మేమూ తలల్లో పెట్టుకున్నాం. పూసిన డెక్క చచ్చిపోద్ది నాంచారూ. ఆ పువ్వు పొడి రాలినచోటల్లా మళ్ళీ పూతొచ్చి, అదీ చచ్చిపోద్ది. మా లంక ఇప్పుడు నీళ్ళ కిందుంది."

అన్ని లంకలూ ఒకే తల్లి పిలకలట. ఆ తల్లికి ఈడు వచ్చేసిందట. ఉత్తరాన ఒక లంకవాళ్ళు మాత్రం పూసిన ముక్కని మొగ్గ విప్పీ విప్పకముందే కోసి వదిలేశారు. వాళ్ళు ఇంకా తేలుతూనే ఉన్నారు. ఎంతకాలమో తెలియదు గానీ, ఇప్పటికైతే ఉన్నారు. నన్నూ అదే చెయ్యమంది. ఇంటికి పోయి పూసినచోట చుట్టూ కోసి, ఆ ముక్కని నీళ్ళలోకి తోసెయ్యమంది.

పూసింది ఎక్కడో చెప్పాను. అక్క తల దించుకుంది. అక్కడ కుట్టు వేసిన చేతులు ఆవిడవే.

ఇంటింటికీ పంచానని మాత్రం చెప్పలేదు. తాడు కొనుక్కుని దోనె ఎక్కాను.

కార్తీక శుద్ధ పంచమి

ఎదురుగాలి. టాంకీ దగ్గర దోనె కట్టేసి కూచున్నాను. రాయడానికి పని ఏమీ లేదు కాబట్టి ఇదే రాస్తున్నాను.

కోయడమంటే నాకు తెలియనిదేం కాదు. రంపం తాడుతో చుట్టూ కోస్తే ముక్క విడిపోతుంది. కొంచెం దూరం తేలి, తరవాత దాని దారిన అది పోతుంది. ఎన్ని కుళ్ళిన అంచులు కోయలేదు. ఈ ముక్కలో నా పిల్ల ఉంటుంది. ఎటు పోతుందో తెలియదు, ఎక్కడ మునుగుతుందో తెలియదు, పొద్దు వాలితే దీపం పెట్టేవాళ్ళుండరు.

కోయకపోతే లంకంతా పోతుంది. ముంగరవాళ్ళ మేకలు పోతాయి. ఆదిలక్ష్మత్త మనవరాలు మొన్ననే పుట్టింది, ఆ పిల్లకి నిలబడే చోటు పోతుంది.

గాలి తగ్గకూడదని మొక్కుకున్నాను. అలా మొక్కుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

కార్తీక శుద్ధ సప్తమి

చేరాను. దోనె కట్టి సరాసరి మా ఆయన దగ్గరికి పోయి మొత్తం చెప్పాను. ఏడుకొండలు వల పక్కన పెట్టాడు. తరవాత జేబులోంచి ఎండిపోయిన పువ్వు తీసి చూశాడు. తెల్లారి కోద్దామన్నాడు. నువ్వు చూడొద్దు, నేనే కోస్తానన్నాడు. ఆయనకి రంపం తాడు పట్టుకోవడం కూడా రాదు. నేనే కోస్తానని చెప్పాను.

కోసేముందు పంచిన పూలన్నీ వెనక్కి తెచ్చి కాల్చాలి కదా. ఇల్లిల్లూ తిరిగాను. ఒకరు దేవుడి పటానికి పెట్టారు. ఒకరు వాసన బాగుందని తలగడలో కుక్కారు. ముంగర ఇల్లాలు మేక మెడలో కట్టింది, ఆ మేక లంకంతా తిరిగింది. ఆదిలక్ష్మత్త మనవరాలి ఉయ్యాల తాడుకి కట్టి ఉంచింది. నేను విప్పుతుంటే ఎందుకే అని అడిగింది. జవాబు చెబుతూ ఉయ్యాల కిందికి చూశాను.

అక్కడ ఒక కాడ లేచి ఉంది.

ఆ ఒక్కచోటే కాదు. నేను పువ్వు ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ, పొయ్యి పక్కనో మంచం కిందో గుమ్మం ముందో, మొగ్గ ఉంది. నేను ఒక్క గడప కూడా వదల్లేదు.

ఇక పెద్దీ ముక్కని కోయక్కర్లేదు. కోసినా ఉపయోగం లేదు. నా కడుపుకోతకి నాకు సెలవు దొరికింది, దాని బదులు లంకంతా పోతోంది. ఇంటికొచ్చి, దీపం పెట్టి, పిల్లా నేనెంత పని చేశానే అని చెప్పుకుని ఏడ్చాను.

కార్తీక బహుళ చవితి

నేల మెత్తబడింది. నడుస్తుంటే మడమ దిగబడి నీళ్ళు వస్తున్నాయి. మా ఇంటి కింద ముందుగా పూసింది కాబట్టి ముందుగా మెత్తబడింది. వంటపొయ్యి బయటికి మార్చాం.

కూటం పెట్టారు. నేనే లేచి, పూలు పంచింది నేనని, చేసింది నేనని అందరి ముందూ అన్నాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. అందరం కలిసి చేసిన పేరంటం కదా, నువ్వొక్కదానివే మొయ్యడమేంటని ముంగర ఇల్లాలే అంది. ఆవిడ మేకల గురించి ఇక జన్మలో మాట్లాడను.

గట్టు ఆఫీసు నుంచి ఒకమ్మాయి మర పడవలో వచ్చింది. షెడ్లు ఇస్తామంది. కొత్త లంక ఎప్పుడిస్తారని అడిగితే నేల వైపు చూస్తూ మాట్లాడింది. వేరే లంక నుంచి పిలక తెచ్చి నాటినా లాభం లేదట, పిలకకీ తల్లి వయసే ఉంటుందట. గింజ నుంచి మొలిస్తేనే మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఇప్పటిదాకా ఎవరికీ గింజ దొరకలేదు. పువ్వు వాడగానే కాడ వంగి నీళ్ళలోకి పోతుంది, గింజ అక్కడే ముదిరి, అక్కడే రాలి, కొల్లేటి అడుక్కి పోతుంది. దుర్గాంబక్క లంక కింద బురదంతా వెదికినా ఒక్కటీ కనపడలేదట. గింజ తెచ్చినవాళ్ళ ఊరికి మొదటి లంక ఇస్తామంది.

ఆ మాట విన్నప్పటి నుంచి దిగుతున్నాను. పడమటి అంచు, చేపల రేవు, ఆదిలక్ష్మత్త ఇంటి కింద, అంతా చూశాను. మిగతాచోట్ల కాయలు ఇంకా పచ్చివి. అవి ముదిరేదాకా ఈ లంక నిలవదు. ముదిరిన కాడలు మా ఇంటి అంచున మాత్రమే కనిపించాయి, అవీ అప్పటికే విచ్చుకుని ఖాళీగా ఉన్నాయి. అంచు దాటి లోపలికి పోలేదు.

కార్తీక బహుళ ఏకాదశి

ముందు పిల్లలూ ముసలివాళ్ళూ వెళ్ళిపోయారు. ఇళ్ళ పైకప్పులు విప్పి దోనెల్లో వేసుకుంటున్నారు. మా ఇంటి గోడ ఒకటి ఒరిగింది.

ఆదిలక్ష్మత్త వెళ్ళేముందు మా ఇంటికి వచ్చింది. నేను అంచుదాకా వెళ్ళి వెనక్కి వస్తున్నానని ఎవరో చెప్పినట్టున్నారు. చీర కొంగుతో మొహం తుడుచుకుని, నా పక్కన తడినేల మీదే చతికిలబడింది.

"తల్లి దిగకూడదన్నది మేం పెట్టుకున్న మాటే. తల్లి చూసి తట్టుకోలేదని పెట్టుకున్నాం. ఇప్పుడు నేనే చెప్తన్నా, దిగు. నీకంటే దగ్గరోళ్ళు ఎవరున్నారే దానికి?"

ఏడుకొండలు నా నడుముకి తాడు కట్టాడు. ఏనాడూ కట్టనివ్వని దాన్ని, ఇవాళ కట్టనిచ్చాను. ఆ చివర తన నడుముకి కట్టుకున్నాడు.

కార్తీక బహుళ ద్వాదశి

నిన్న అంతకుమించి రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

మా ఇంటి కింద నీళ్ళు ఎక్కువ తేటగా ఉన్నాయి. వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే ఊడి వస్తున్నాయి. కాడలన్నీ తల కిందికి వేలాడుతున్నాయి. వాటి మధ్య నా పెళ్ళిచీర కనిపించింది. ఎరుపు పోయి మట్టిరంగు అయ్యింది, జరీ అంచు మాత్రం తెలుస్తోంది.

దుర్గాంబక్క కుట్టు చూశాను. లంక కుట్టడానికి ఇంత దగ్గర కుట్టు ఎవరూ వెయ్యరు. పిల్లకి జడ అల్లినట్టు, ఎక్కడా సందు లేకుండా వేసింది. కుట్టు ఎక్కడా ఊడలేదు. కుట్టుని పట్టుకోవాల్సిన డెక్క వేరు చచ్చి ఒకపక్క వదిలేసింది. అందుకని చీర ఆ పక్కన తెరుచుకుని, ఉయ్యాల గుడ్డలాగా కిందికి వేలాడుతోంది.

అందులో గింజలున్నాయి.

పైనున్న కాడలన్నీ విచ్చుకుని ఆ గుడ్డలోకే రాల్చాయి. గసగసాలంత గింజలు, ముదురు గోధుమ రంగు, చీర మడతల్లో దోసిళ్ళకొద్దీ ఉన్నాయి. ఇంకెక్కడ రాలినా కొల్లేటి పాలయ్యాయి. ఇక్కడ మా పిల్ల పట్టుకుంది.

లోపలికి చెయ్యి పెట్టాను. మీరు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. భయం వెయ్యలేదు. పెద్దీ చాలావరకు వేళ్ళయిపోయింది, మెత్తటి దట్టమైన వేళ్ళు. వాటిని పక్కకి తప్పిస్తూ, తల దువ్వేటప్పుడు చిక్కు తీసినట్టే మెల్లగా తీస్తూ, గింజలు సంచీలోకి ఎత్తుకున్నాను. ఆ పిల్లకి చిక్కు తీస్తే నొప్పి అని గోల చేసేది. నీళ్ళలో మాట్లాడలేం కాబట్టి లోపల్లోపలే, అయిపోయింది, ఇంకొక్కటి, అయిపోయింది అని చెబుతూ తీశాను.

సంచీ నిండాక పైకి పోవాలి. తిత్తిలో గాలి తక్కువుంది. ఏడుకొండలు తాడు లాగి అడుగుతున్నాడు. తెరుచుకున్న ఆ పక్కని అలా వదిలి రాలేకపోయాను. దబ్బనం తీసి, గట్టు నుంచి తెచ్చిన కొత్త తాడుతో, కాస్త గట్టిగా ఉన్న వేరు వెతికి, చీర అంచు మూసి కుట్టాను. మునిగిపోయే లంకకి కుట్టు వేసిన కుట్టుమనిషి ఇప్పటిదాకా ఎవరూ ఉండరు. ఆ ఒక్క కుట్టు నాది. తాడు ఎంత పట్టిందో కొలవలేదు.

పైకి రాగానే ఏడుకొండలు గింజల వైపు చూడలేదు. ఎలా ఉంది అని అడిగాడు. బాగుంది, చలిగా ఏమీ లేదు అని చెప్పాను. ఇన్నేళ్ళలో మొదటిసారి, గట్టిగా, నలుగురూ వినేలా ఏడ్చాడు.

మార్గశిర శుద్ధ పాడ్యమి

లంక పోయింది. మిగిలినవాళ్ళం దోనెల్లో ఉండి చూశాం. పెద్ద చప్పుడేమీ కాలేదు. మధ్యలో వంగి, నీళ్ళు పైకి వచ్చి, ముందు మా ఇల్లు, తరవాత ఆదిలక్ష్మత్త ఇల్లు, చివరికి మేకలపాక. కాసేపు పూలు మాత్రం నీళ్ళ మీద తేలాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

మా ఇల్లు ఉన్నచోట నీళ్ళు సర్దుకునేదాకా ఏడుకొండలు దోనె కదపలేదు. నేనూ కదపమనలేదు. పొద్దు వాలాక గట్టు దారి పట్టాం.

పుష్య బహుళ పంచమి

గట్టు మీద నేల కదలదు. మొదట్లో అందరికీ కళ్ళు తిరిగాయి, ముంగరవాళ్ళ మేకలకి కూడా. పని లేని కుట్టుమనిషిని ఇంకా పలక రాయమంటున్నారు, రాస్తున్నాను. పొద్దున్నే నీళ్ళ కోసం నిలబడ్డాను. దుర్గాంబక్కకి గంజి కాచి ఇచ్చాను. ఆవిడ దగ్గు ఎక్కువైంది. కుట్టు చూశానని, ఒక్కటి కూడా ఊడలేదని ఆవిడకి చెప్పాను. తల ఊపి, గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆఫీసువాళ్ళ తొట్లలో గింజలు మొలిచాయి. లేతాకులు, ఇంకా వేలి గోరంత లేవు. ఇవి లంకయ్యేసరికి ఆదిలక్ష్మత్త మనవరాలికి పెళ్ళీడు వస్తుందట. మళ్ళీ పూసేసరికి మాలో ఎవరూ ఉండరు. మళ్ళీ పూస్తే ఏం చెయ్యాలో పెద్ద అక్షరాలతో రాయించి పెట్టమని ఆ ఆఫీసమ్మాయికి గట్టిగా చెప్పాను. పంచుకోవద్దని రాయమన్నాను.

మొక్కల్ని కొన్ని ఇళ్ళలో పెంచితే మంచిదన్నారు. పంచే పని నాకే ఇచ్చారు. వద్దన్నాను. ఆదిలక్ష్మత్త ఊరుకోలేదు, చేతికి బుట్ట ఇచ్చి ముందుకి తోసింది. షెడ్డు షెడ్డుకీ తిరిగి, తలా ఒక మొక్క ఇచ్చాను. ఆడవాళ్ళు రెండు చేతులతో అందుకున్నారు. ముంగర ఇల్లాలు నాకు బొట్టు పెట్టింది. ఆవిడ కూతురి చేతికి ఆ రోజు కొలత చూసిన గాజుల జత ఇంకా నా దగ్గరే ఉంటే, ఇచ్చేసి వచ్చాను.

మాకు మిగిలిన మొక్కని తొట్టిలో పెట్టి గుమ్మం పక్కన ఉంచాం. ఆకు బాగానే ఉంది, వేరు కూడా పట్టింది. దాని కింద ఎవరూ లేరు.

పొద్దు వాలింది. అలవాటుగా దీపం వెలిగించాను. ఎక్కడ పెడదాం అని ఏడుకొండలు అడిగాడు. షెడ్డంతా చూశాను, సిమెంటు నేల, ఎక్కడ చూసినా ఒకేలా ఉంది. నూనె అయ్యేదాకా దీపాన్ని చేత్తో పట్టుకునే కూచున్నాను.